డెస్డిమోనా పెనుగులాడిందా? ఒక భార్య మీద నాలుగు వందల ఏళ్ల తీర్పులు

డిగ్రీలో షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’ పాఠంగా చదివినప్పుడు నాకు డెస్డిమోనా మీద కోపం వచ్చింది. రుమాలు పోయిందని మొగుడితో నిజం చెప్పేస్తే సరిపోయేది కదా. నలుగురి ముందూ చెయ్యి చేసుకున్నప్పుడే ఓడ ఎక్కి పుట్టింటికి వెళ్లిపోవాల్సింది కదా. ప్రాణం పోతున్నప్పుడు కూడా ‘ఎవరూ కాదు, నేనే చేసుకున్నాను’ అని ఆ మనిషిని కాపాడటం ఏమిటి? మా క్లాసులో కొందరి గొడవ వేరు. కన్నతండ్రికి చెప్పకుండా రాత్రికి రాత్రి వెళ్లి పెళ్లి చేసుకున్న పిల్లకు ఇంకేం జరుగుతుంది అన్నారు వాళ్లు.

చాలా ఏళ్ల తర్వాత, ఈ నాటకాన్ని ఏ కాలంలో ఎవరు ఎలా చూశారో చదువుతూ పోతే ఒక సంగతి తెలిసింది. మేం అడిగినవాటిలో కొత్తదేమీ లేదు. నాలుగు వందల ఏళ్లుగా ప్రేక్షకులు ఆమెను ఇవే అడుగుతున్నారు. ఒక కాలం ఆమెను చూసి పాపం అంది. ఒక కాలం తగిన శాస్తి అంది. ఒక కాలం దేవత అంది, ఇంకొకటి మూగజీవి అంది. నాటకంలో మాటలు అవే కదా, ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? మాటలు అవే అన్నాను గానీ అది కూడా పూర్తిగా నిజం కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు కథ. వెనిస్ నగరంలో బ్రబాన్షియో అనే పెద్దమనిషి కూతురు డెస్డిమోనా. ఆ నగర సైన్యాన్ని నడిపే ఒథెల్లో మూర్, నల్లని మనిషి. ఇద్దరూ రహస్యంగా పెళ్లి చేసుకుంటారు. తండ్రి సభకెక్కితే ఆమె సభ మధ్యలో నిలబడి సమాధానం చెబుతుంది: నా ధర్మం ఇప్పుడు రెండుగా చీలింది నాన్నా, మా అమ్మ తన తండ్రి కంటే నిన్ను ఎక్కువ అనుకున్నట్టే నేనూ నా భర్తను అనుకుంటాను. భర్త సైప్రస్‌కు యుద్ధానికి వెళ్తుంటే ఇంట్లో కూర్చోనని అడిగి మరీ వెంట వెళుతుంది. అక్కడ ఒథెల్లో కింద పనిచేసే ఇయాగో, ఆమెకు ఒథెల్లో ఉపసేనాని కాసియోతో సంబంధం ఉందని చాడీలు చెప్పి అతని మనసు విరిచేస్తాడు. సాక్ష్యం ఒక చేతి రుమాలు. ఒథెల్లో ఆమెకిచ్చిన మొదటి కానుక అది. కింద పడితే, డెస్డిమోనా దగ్గర పనిచేసే ఇయాగో భార్య ఎమీలియా తీసి తన మొగుడి చేతిలో పెడుతుంది. చివరికి ఒథెల్లో భార్యను పడక మీదే ఊపిరాడకుండా చేసి చంపేస్తాడు. నిజం బయటపెట్టిన ఎమీలియాను ఇయాగో పొడిచి చంపుతాడు. ఒథెల్లో తనను తానే పొడుచుకుంటాడు. చనిపోయిన భార్యలు ఇద్దరు, ఇద్దరినీ చంపింది కట్టుకున్నవాళ్లే. ఈ రెండో భార్యను చాలా కాలాలు పట్టించుకోలేదు.

షేక్‌స్పియర్ ఈ కథను ఇటలీ రచయిత చింతియో 1565లో అచ్చు వేసిన కథల పుస్తకంలోంచి తీసుకున్నాడు. అందులో ఆమె పేరు డిస్డెమోనా. ముఖ్యమైనవాళ్లలో పేరు పెట్టింది ఆమెకొక్కదానికే. భర్త ఊరికే ‘మూర్’. అక్కడి హత్య మరీ ఘోరం. ఇసుక నింపిన మేజోడుతో కొట్టి చంపి, పైకప్పు కూల్చి ప్రమాదమని నమ్మిస్తారు. చావుకు ముందు చింతియో ఆమె చేతే ఒక మాట అనిపిస్తాడు: పెద్దవాళ్ల ఇష్టానికి ఎదురు వెళ్లి పెళ్లి చేసుకునే ఆడపిల్లలకు నా బతుకు ఒక హెచ్చరిక అవుతుందేమో అని. షేక్‌స్పియర్ ఆ మాటను తీసేశాడు. ఆయన డెస్డిమోనా ఈ పెళ్లి చేసుకున్నందుకు ఒక్కచోట కూడా పశ్చాత్తాపపడదు. రచయిత పనిగట్టుకుని తీసేసిన ఆ నీతిని ప్రేక్షకులు మాత్రం తరతరాలుగా తిరిగి తెచ్చి పెడుతూనే ఉన్నారు.

మాట్లాడిన భార్య, చచ్చిపడి ఉన్న భార్య

1604 నవంబర్ 1న లండన్ వైట్‌హాల్ భవనంలో జేమ్స్ రాజు ముందు ఈ నాటకం ఆడినట్టు రికార్డు ఉంది. అప్పటికి ఇంగ్లండ్ రంగస్థలం మీద ఆడవాళ్లు నటించేవారు కాదు, గొంతు ఇంకా మారని కుర్రాళ్లే స్త్రీ వేషాలు కట్టేవాళ్లు. 1610లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ నాటకం చూసిన హెన్రీ జాక్సన్ అనే చదువుకున్నాయన లాటిన్‌లో ఒక ఉత్తరం రాశాడు. ఈ పాత్ర గురించి మనకు దొరికే మొదటి ప్రేక్షకుడి మాట అది. డెస్డిమోనా తన పక్షాన ఎప్పుడూ బాగానే వాదించుకుంది గానీ, చంపబడ్డాకే మనల్ని ఎక్కువ కదిలించింది, మంచం మీద పడి ఉండి కేవలం తన ముఖంతోనే చూసేవాళ్ల జాలిని అడిగింది అంటాడు. అక్కడ పడుకున్నది కుర్రాడన్న ధ్యాసే ఆయనకు లేదు. ‘ఆమె’ అనే రాశాడు.

నాకు ఈ వాక్యం చాలా ముఖ్యమనిపిస్తుంది. వాదించిన డెస్డిమోనా, నోరు మూతపడ్డ డెస్డిమోనా, ఇద్దరూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నారు. జాక్సన్ ఇద్దరినీ చూశాడు. మనసు మాత్రం రెండో ఆమెకు ఇచ్చాడు. తర్వాతి మూడు శతాబ్దాలు ఎక్కువగా ఆ దారినే నడిచాయి.

1642లో మూతపడ్డ థియేటర్లు 1660లో మళ్లీ తెరుచుకున్నాయి. ఆ అక్టోబర్ 11న శామ్యూల్ పీప్స్ ఈ నాటకానికి వెళ్లాడు. తన పక్కన కూర్చున్న ఒక అందమైన స్త్రీ, డెస్డిమోనాకు ఊపిరాడకుండా చేస్తుంటే చూడలేక గట్టిగా కేక పెట్టిందని డైరీలో రాసుకున్నాడు. రెండు నెలలు తిరక్కముందే, డిసెంబర్ 8న, ఇంగ్లండ్‌లో వృత్తి నాటకశాల మీద మొదటిసారి ఒక స్త్రీ నటించింది. ఆ వేషం డెస్డిమోనాదే. నటి పేరేమిటో ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు కోసం థామస్ జోర్డాన్ రాసిన ప్రస్తావన పద్యం మాత్రం మిగిలింది. ఇవాళ నటించేది నిజంగా ఆడదేనని చెప్పి, గుణవంతురాలైన స్త్రీ కూడా వేషం కట్టవచ్చు కదా అని ప్రేక్షకుల్ని బతిమాలుతుంది ఆ పద్యం. లోపల నాటకం నడిచేది కూడా ‘ఈమె గుణవంతురాలేనా’ అన్న అనుమానం మీదే. తెర తీయకముందే అదే ప్రశ్న నటి మీద పడింది. స్థానం నరసింహారావు లాంటి మగవాళ్లు స్త్రీ పాత్రల్లో వెలిగిన మన పద్యనాటకాల చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆడవాళ్లు స్వయంగా వేషం కట్టడం మొదలుపెట్టాక వాళ్ల నడవడి మీద ఎన్ని మాటలు పడ్డాయో మన పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు.

1693లో థామస్ రైమర్ అనే విమర్శకుడు ఈ నాటకాన్ని చీల్చి చెండాడాడు. దీన్లో నీతి ఏమిటంటే, పెద్దింటి పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా నల్లవాళ్లతో లేచిపోకూడదు, మంచి ఇల్లాళ్లు తమ బట్టలు జాగ్రత్తగా చూసుకోవాలి అని ఎగతాళి చేశాడు. రుమాలు గురించి ఇంత రాద్ధాంతమా అన్నది ఆయన కోపం. ఎగతాళిగా అన్న ఆ మొదటి నీతిని తర్వాత వచ్చినవాళ్లు ఎగతాళి లేకుండానే అన్నారు. 1765లో షేక్‌స్పియర్ నాటకాలకు వ్యాఖ్యానం రాసిన శామ్యూల్ జాన్సన్, హత్య జరిగే రంగం దాటాక ‘ఈ భయంకరమైన దృశ్యం పని అయిపోయినందుకు సంతోషం, ఇది భరించలేం’ అన్నాడు. అంత కరిగిపోయిన మనిషే, తండ్రిని మోసం చేసి పెళ్లాడింది అన్న మాట వచ్చిన చోట ఆగి, మోసం వల్ల తాత్కాలికంగా లాభం ఉన్నా మొత్తం మీద సుఖానికి అది అడ్డమే అని పాఠకులకు బుద్ధి చెప్పాడు. ‘తండ్రిని మోసం చేసింది, నిన్నూ చేస్తుంది’ అన్న మాట నాటకంలో మొదట తండ్రి అంటాడు, తర్వాత దాన్నే పట్టుకుని ఇయాగో ఒథెల్లోను నాశనం చేస్తాడు. అది దుర్మార్గుడి వాదన. అంత పెద్ద పండితుడు కూడా దాన్ని నీతిగా తీసుకున్నాడంటే ఆ వాదన ఎంత తేలిగ్గా మనసులోకి దిగుతుందో చూడండి.

కత్తెర ఎక్కడ పడింది

ఇక్కడే మాటలు మారిన సంగతి చెప్పాలి. ‘ఒథెల్లో’ మొదట 1622లో చిన్న పుస్తకంగా, 1623లో షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సంపుటిలో భాగంగా అచ్చయింది. ఈ రెండూ ఒకటి కావు. పెద్ద సంపుటిలో సుమారు 160 పంక్తులు ఎక్కువ. ఆ ఎక్కువ ఉన్నవాటిలో రెండు ముఖ్యమైనవి నాలుగో అంకం చివర వస్తాయి. హత్యకు ముందు రాత్రి, డెస్డిమోనా పడుకోవడానికి సిద్ధమవుతుంటే ఎమీలియా ఆమె నగలూ బట్టలూ తీస్తూ ఉంటుంది. మా అమ్మ దగ్గర బార్బరీ అనే పనిపిల్ల ఉండేది, ప్రేమించినవాడు వదిలేస్తే ఈ పాట పాడుతూనే చచ్చిపోయింది అని డెస్డిమోనా ఒక పాట పాడుతుంది. అది విల్లో చెట్టు పాట. 1622 పుస్తకంలో ఆ పాట లేదు.

లేని రెండోది ఎమీలియా పెద్ద ప్రసంగం. భార్యలు తప్పుదారి పడితే ఆ తప్పు భర్తలదే అంటుంది ఆమె. మీరు మమ్మల్ని కొడతారు, కట్టడి చేస్తారు, బయట సంబంధాలు పెట్టుకుంటారు. మాకు కళ్లు లేవా, ముక్కు లేదా, తీపీ పులుపూ మాకు తెలియవా? మీకున్న కోరికలు మాకూ ఉన్నాయి, మీకున్న బలహీనతలు మాకూ ఉన్నాయి. మీరు చేసిందే మేము నేర్చుకుంటాం. దాదాపు 1604 నాటి ఒక పనిమనిషి పాత్ర, రంగస్థలం మీద నిలబడి ఇంత మాట అంది.

ఈ రంగం, ముఖ్యంగా పాట, 18వ శతాబ్దంలోనూ 19లో చాలా కాలమూ ప్రదర్శనల్లో కోతకు గురైంది. కథ నడవడానికి అది అక్కర్లేదనీ, ఒక మహా విషాద నాటకంలో ఇద్దరు ఆడవాళ్లు బట్టలు మార్చుకుంటూ కబుర్లు చెప్పుకోవడం గౌరవంగా లేదనీ అనుకున్నారు. ఆ కోతతో ఏం పోయిందో ఆలోచించండి. నాటకం మొత్తం మగవాళ్ల మాటల్లోనే ఆమె గురించి మనకు తెలుస్తుంది. తండ్రికి ఆమె సిగ్గరి, ఇయాగోకు కామిని, కాసియోకు దేవత, ఒథెల్లోకు మొదట ‘నా అందమైన యోధురాలు’, తర్వాత వేశ్య. మగవాడు లేని చోట ఆమె తీరుబడిగా మాట్లాడేది ఆ ఒక్క రంగంలోనే. అదే తీసేశారు. దానితోపాటు ‘కొడతారు’ అని పేరు పెట్టి చెప్పిన భార్య గొంతూ పోయింది. కోత పడ్డాక మిగిలిన డెస్డిమోనాను చూసి, ఈమెకు నోరు లేదేం అని ప్రేక్షకులు ఆశ్చర్యపోయారు. నోరు లేనిది ఆమెకు కాదు, వాళ్లు చూసిన ప్రతికి.

ఇంకో చిన్న మాట తేడా చెప్పకుండా ఉండలేను. సభలో డెస్డిమోనా తన ప్రేమ గురించి చెబుతూ, 1623 ప్రతిలో, నా హృదయం నా భర్త ‘స్వభావానికే’ లొంగిపోయింది అంటుంది. 1622 ప్రతిలో అదే చోట ‘పరమ సుఖానికి’ అనే అర్థం వచ్చే మాట ఉంది. మొదటిది భక్తిలా వినిపిస్తుంది, రెండోదాంట్లో ఒక స్త్రీ కోరిక కూడా ఉంది. ఏ ప్రతి పట్టుకున్నామన్నదాన్ని బట్టి భార్య మారిపోతుంది.

ఇంగ్లండ్ ఆమె మాటల్ని కోస్తే, యూరప్‌లో కొందరు ఏకంగా ఆమె చావునే కోసేశారు. 1776లో హాంబర్గ్‌లో ష్రోడర్ ఈ నాటకం వేసినప్పుడు ప్రేక్షకుల్లో స్త్రీలు మూర్ఛపోయారని చెబుతారు. దాంతో ముగింపు మార్చి ఆమెను బతికించారు. 1792లో పారిస్‌లో డ్యూసీ రాసిన రూపంలో ఆమె పేరు ఎడెల్మోన్. రుమాలు మరీ చవకబారు వస్తువని దాని బదులు వజ్రాల పట్టీ పెట్టాడు. నాయకుడి నల్లరంగును రాగి రంగుగా మార్చాడు. హత్య చూసి జనం గోల చేస్తే చివర్లో అసలు విషయం తెలిసిపోయే సుఖాంతం కూడా విడిగా రాసిచ్చాడు. ఈ మార్పుల వెనక ఉన్నది దయే. కానీ ఒక భార్యను భర్త చంపడం మేం చూడలేం కాబట్టి అది జరగలేదనుకుందాం అనే దయ అది.

‘తగిన శాస్తే’ అన్న మాజీ అధ్యక్షుడు

ఈ తీర్పులన్నిటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది జాన్ క్విన్సీ ఆడమ్స్‌ది. అమెరికాకు 1825 నుంచి 1829 వరకు అధ్యక్షుడు. తర్వాత ప్రతినిధుల సభలో బానిసత్వానికి వ్యతిరేకంగా వచ్చే అర్జీల కోసం ఏళ్ల తరబడి పోరాడాడు. 1841లో అమిస్టాడ్ ఓడలోని ఆఫ్రికన్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించాడు. అలాంటి మనిషి 1836లో డెస్డిమోనా పాత్ర గురించి వ్యాసం రాస్తూ, రంగస్థలం మీద ఆమె ఒథెల్లోను లాలించడం రోత పుట్టిస్తుందన్నాడు. తెలుపూ నలుపూ పెళ్లిలో కలవడం ప్రకృతి ధర్మానికే విరుద్ధమన్నాడు. ఒథెల్లో ఆమెను చంపేటప్పుడు మనలోని భయమూ జాలీ వెంటనే చల్లారిపోయి, ఆమెకు తగిన శాస్తి జరిగిందన్న భావమే మిగులుతుందని రాశాడు.

బానిసను విడిపించాలి అనుకున్న మనిషే, నల్లవాణ్ణి తన ఇష్టంతో ఎంచుకున్న స్త్రీని మాత్రం క్షమించలేకపోయాడు. చంపినవాడి మీద కూడా ఆయనకు అంత కోపం లేదు. కోపమంతా ఎంచుకున్నదాని మీద. మన దగ్గర కులాంతర వివాహాల తర్వాత జరిగే పరువు హత్యల గురించి మాట్లాడేటప్పుడు ‘అసలు ఆ పిల్ల అలా చేయకుండా ఉండాల్సింది’ అనే మాట వినపడని చోటు ఉందా? తెలుగు పాఠకుడు ఈ నాటకంలో ముందుగా గుర్తుపట్టేది ఒథెల్లోను కాదు, బ్రబాన్షియోను. నాటకంలో తండ్రి కూతుర్ని చంపడు, బెంగతో తానే పోతాడు. పరువు పేరు చెప్పేది భర్త. చేసిందంతా ద్వేషంతో కాదు, గౌరవం కోసం అంటాడు ఒథెల్లో, చివర్లో.

ఆడమ్స్ కాలంలో ప్రేక్షకులకు ఆమె చావు కంటే ఆమెను తాకిన చెయ్యి పెద్ద సమస్య అయింది. 1833లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఐరా ఆల్‌డ్రిజ్ అనే నల్లజాతి నటుడు ఒథెల్లో వేస్తే, డెస్డిమోనాగా చేసిన ఎలెన్ ట్రీని అతను ముట్టుకోవడం సభ్యతకు విరుద్ధమని ఒక పత్రిక రాసింది. బాల్టిమోర్‌లో 1822లో కాపలా ఉన్న సైనికుడు ఒకడు, నా కళ్లముందు నల్లవాడు తెల్లామెను చంపడమా అంటూ ఒథెల్లో నటుడి మీద తుపాకీ పేల్చాడని ఫ్రెంచి రచయిత స్టెందాల్ రాశాడు. ఆ సైనికుడు ఆమెను కాపాడాననే అనుకుని ఉంటాడు. 1848లో కలకత్తాలో బైష్ణవ చరణ్ ఆఢ్య అనే బెంగాలీ యువకుడు ఇంగ్లీషు నటి పక్కన ఒథెల్లో వేసినప్పుడు కూడా ఊరంతా మాట్లాడుకున్నది ఆ జంట గురించే.

ఆడమ్స్ వ్యాసానికి ఒక ముందుకథ ఉంది. 1833లో బోస్టన్‌లో ఒక విందులో ఆయన పక్కన కూర్చున్నది ఫ్యానీ కెంబల్ అనే ఇంగ్లీషు నటి. అప్పుడు డెస్డిమోనా గురించి ఆయన అన్న మాటల్ని ఆమె తన దినచర్యలో రాసుకుని 1835లో అచ్చు వేసింది. ఆ మరుసటి సంవత్సరం ఆయన వ్యాసం వచ్చింది. కెంబల్ జీవితం తర్వాత ఎలా నడిచిందో తెలిస్తే గుండె బరువెక్కుతుంది. ఆమె పెళ్లాడిన పియర్స్ బట్లర్‌కు జార్జియాలో బానిసలతో నడిచే తోటలు వారసత్వంగా వచ్చాయి. అక్కడ ఉండి చూసిన ఘోరాన్ని ఆమె రాసి పెట్టుకుంది, 1863లో ప్రచురించింది. కాపురం విరిగింది. 1848లో భర్త విడాకుల దావా వేశాడు. 1849లో విడాకులు వచ్చాయి, ఇద్దరు కూతుళ్ల మీద హక్కు తండ్రికే దక్కింది.

ఆ 1848లోనే లండన్‌లో నటుడు మెక్‌రెడీ పక్కన ఆమె డెస్డిమోనా వేసింది. వేసేముందు ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో, నేను చూసిన ఇంగ్లీషు డెస్డిమోనాలందరూ తమ హత్యకు ఎంతో ప్రశాంతంగా ఒప్పుకుంటారు, ఇటలీ రంగస్థలం మీద మాత్రం ప్రాణాల కోసం పరుగెత్తుతారు అంది. పడక మీద హత్యకు గురవడమన్న ఊహే నాకు భయంకరంగా ఉంది, నేను మాత్రం గట్టిగా పోరాడతాను అంది. ఒక భార్యగా చట్టం ముందు ఓడిపోబోతున్న స్త్రీ, రంగస్థలం మీది మంచంలో లొంగిపోనని రాసుకుంది. ఈ పాత్ర చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉత్తరం ఇది.

ఇంతకీ ఆమె పెనుగులాడినట్టు నాటకంలో ఉందా? ఉంది. ‘నన్ను వెళ్లగొట్టు, చంపకు’ అంటుంది. ‘రేపు చంపు, ఈ రాత్రికి బతకనీ’ అంటుంది. ‘అరగంటైనా’ అంటుంది. ఆ మాటల మధ్యలో ఒథెల్లో ‘ఊఁ, పెనుగులాడావంటే…’ అంటూ ఆమెను అదిమి పడతాడు. పెనుగులాడకపోతే ఆ మాట ఎందుకు వస్తుంది? ఆ ఒక్క పంక్తి అన్ని ప్రతుల్లోనూ ఉంది. అయినా రెండు వందల ఏళ్లు ఆమె గొర్రెపిల్లలా తలవంచిందనే చాలామంది చూశారు.

1881లో లండన్ లైసియం నాటకశాలలో నటి ఎలెన్ టెర్రీ డెస్డిమోనా వేసింది. నటులు అర్వింగ్, బూత్ ఇద్దరూ ఒథెల్లో వేషం మార్చుకుంటూ చేశారు. ముఖానికి పూసిన నల్లరంగు నీకు అంటకుండా నీ చెయ్యి పట్టుకునేటప్పుడు నా బట్ట అంచు అడ్డం పెట్టుకుంటానని బూత్ మాటిచ్చాడట. అర్వింగ్ అలాంటివి పట్టించుకోలేదు, ఆట అయ్యేసరికి నేనూ ఆయనంత నల్లగా అయ్యానని ఆమె రాసుకుంది. డెస్డిమోనాను అమాయకపు బొమ్మ అనుకోవడం పొరపాటు, ఆమె బలమైన మనిషి అని టెర్రీ తన ఉపన్యాసాల్లో గట్టిగా చెప్పింది. నటీమణులు ఇలా చెబుతుంటే, 1904లో విమర్శకుడు ఏ.సి. బ్రాడ్లీ తన పేరుమోసిన ఉపన్యాసాల్లో ఆమె నిస్సహాయంగా ఊరుకుంటుందనీ, ఆరాధించే యజమాని చేతిలో కారణం లేకుండా హింసపడే మూగజీవిలాంటిదనీ అన్నాడు. మన కాలేజీ నోట్సుల్లోకి వచ్చింది బ్రాడ్లీ మాటే. ఆ పాత్రను ఒంటిమీద మోసిన స్త్రీల మాట రాలేదు. నాకు ఆ రోజుల్లో వచ్చిన కోపానికి ఇదీ ఒక కారణమని ఇప్పుడు అనుకుంటాను.

పుట్టింటికి ఎందుకు వెళ్లలేదంటే

20వ శతాబ్దంలో చాలాకాలం చర్చంతా రంగు చుట్టూ తిరిగింది. 1930లో లండన్ సావొయ్ నాటకశాలలో నల్లజాతి నటుడు పాల్ రోబ్సన్ పక్కన పెగీ ఆష్‌క్రాఫ్ట్, 1943లో న్యూయార్క్‌లో రోబ్సన్ పక్కనే ఊటా హేగన్ చేశారు. న్యూయార్క్ ప్రదర్శన 296 సార్లు ఆడింది. 1987లో జొహానెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్‌లో జానెట్ సుజ్మన్ దర్శకత్వంలో నల్లజాతి నటుడు జాన్ కానీ ఒథెల్లో, తెల్లజాతి నటి జోవన్నా వైన్‌బర్గ్ డెస్డిమోనా. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పెళ్లి చేసుకోకూడదన్న చట్టాన్ని దక్షిణాఫ్రికా రద్దు చేసి అప్పటికి రెండేళ్లే. ఆ ఇద్దరూ దగ్గరైనప్పుడు లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు. ఆ ప్రేక్షకులకు అక్కడ కనిపించింది హత్య కాదు, ముద్దు.

ఇప్పటి ప్రేక్షకుడికి హత్య కనిపిస్తోంది. హత్యకు ముందు జరిగేదంతా కూడా కనిపిస్తోంది. 1970ల నుంచి స్త్రీవాద విమర్శకులు, ముఖ్యంగా క్యారల్ థామస్ నీలీ లాంటివాళ్లు, ఎమీలియాను మళ్లీ నాటకం మధ్యలోకి తెచ్చారు. గృహహింస గురించి మన సమాజం మాట్లాడటం నేర్చుకున్నాక నాలుగో అంకం కొత్తగా వినపడటం మొదలైంది. మన దేశంలో గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లో వచ్చింది. దెబ్బ లేకపోయినా భాగస్వామిని నిత్యం భయపెట్టి అదుపులో పెట్టడాన్ని ఇంగ్లండ్ 2015లో నేరం చేసింది. ఈ కళ్లతో చూస్తే ఒథెల్లో చేసే ప్రతి పనీ మనకు తెలిసిన క్రమంలోనే ఉంటుంది. పనిమనిషిని పిలిచి భార్య ఎవరితో మాట్లాడిందని ఆరా తీస్తాడు. బంధువుల ముందు కొడతాడు. ‘నేనేమీ తప్పు చేయలేదు’ అని మాత్రం ఆమె అంటుంది. తలుపు వేయించి వేశ్య అంటాడు. ఆ రాత్రి ఎమీలియాను పంపించేయమని, ఒంటరిగా ఉండమని ఆజ్ఞాపిస్తాడు. ఆమె అతని కోపానికి రాజ్యవ్యవహారాల టెన్షన్ కారణమని సర్దిచెప్పుకుంటుంది, అతన్ని తప్పుపట్టినందుకు తనను తానే తిట్టుకుంటుంది. పెళ్లినాటి దుప్పట్లు పడక మీద పరవమంటుంది, నేను ముందు పోతే వీటిలోనే నన్ను చుట్టు అని ఎమీలియాతో అంటుంది. ఏదో జరగబోతోందని ఆమెకు తెలుసు.

నా డిగ్రీ నాటి ప్రశ్నలకు జవాబులు నాటకంలోనే ఉన్నాయి, నేను చూడలేదంతే. పుట్టింటికి ఎందుకు వెళ్లలేదు? మొదటి అంకంలోనే సభాపతి ఆమెను తండ్రి ఇంట్లో ఉంచమంటే, ‘నేనొప్పుకోను’ అన్నాడు బ్రబాన్షియో. ఆ తలుపు అప్పుడే మూసుకుపోయింది. పైగా ఆమె ఉన్నది సముద్రం మధ్య ద్వీపంలో, అక్కడ అధికారమంతా భర్తది. రుమాలు పోయిందని ఎందుకు చెప్పలేదు? అడిగేముందు ఒథెల్లో, అది మంత్రం వేసిన రుమాలనీ, పోగొట్టుకుంటే భర్తకు భార్య మీద అసహ్యం పుడుతుందనీ కథ చెప్పి భయపెట్టాడు. ఆ భయంలో ఆమె ‘పోలేదు’ అంది. సాయం ఎందుకు అడగలేదు? అడిగింది. నా భర్త మనసు ఎలా గెలవాలో చెప్పమని కన్నీళ్లతో అడిగింది. అడిగింది ఇయాగోనే, అంతకంటే దారుణం ఇంకేముంది?

ఇక చివరి మాట. ‘ఇది ఎవరు చేశారు?’ అని ఎమీలియా అడిగితే ‘ఎవరూ కాదు, నేనే. సెలవు. దయగల నా భర్తకు నా నమస్కారాలు చెప్పు’ అంటుంది. విక్టోరియా కాలం ఇందులో పాతివ్రత్యం చూసింది. దాదాపు మన చంద్రమతిని చూసినట్టు చూసింది. ఈ కాలం ఇందులో, దెబ్బలు తిన్న ఎందరో స్త్రీలు ఆసుపత్రిలో ‘మెట్ల మీంచి పడ్డాను’ అని చెప్పే మాట విన్నది. నాకు మాత్రం ఆ ‘నేనే’ అన్న మాటలో సభలో నిలబడ్డ పిల్ల గొంతు కూడా వినపడుతుంది. ఈ మనిషిని ఎంచుకున్నది నేనే, ఆ నిర్ణయం చివరిదాకా నాదే అని. ఇది ఆమె మౌనాన్ని సమర్థించడం కాదు. అంతకు ఒక్క క్షణం ముందే ‘ఏ తప్పూ చేయకుండా చచ్చిపోతున్నాను’ అని ఆమె గట్టిగా చెప్పింది. చాలామంది ఆ మొదటి వాక్యం మర్చిపోయి రెండోదే గుర్తుపెట్టుకుంటారు.

2011లో అమెరికా నల్లజాతి రచయిత్రి టోనీ మోరిసన్ ‘డెస్డిమోనా’ అనే కొత్త నాటకం రాసింది. పీటర్ సెల్లర్స్ దర్శకత్వంలో, మాలీ గాయని రోకియా ట్రవోరే పాటలతో వియన్నాలో మొదట ఆడారు. అందులో చనిపోయాక డెస్డిమోనా మాట్లాడుతుంది. విల్లో పాట నేర్పిన పనిపిల్ల బార్బరీ కూడా వస్తుంది. ఆమె ఆఫ్రికా స్త్రీ. నీకు నా పేరు కూడా తెలియదు, నువ్వు నాకు స్నేహితురాలివి కావు, నేను నీకు పనిచేశాను అంతే అనే అర్థం వచ్చేలా మాట్లాడుతుంది. డెస్డిమోనా మీద జాలి చూపే మనమంతా ఇన్నాళ్లూ ఆ పాట ఎవరిదో అడగలేదు.

ఎమీలియా దగ్గరకు మళ్లీ రావాలి. ఒథెల్లో నిజం చెప్పేసరికి ఆమె ‘నా భర్తా? నా భర్తా?’ అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. రుమాలు ఇచ్చింది తానే. రుమాలు కోసం ఒథెల్లో గోల చేస్తున్నప్పుడు పక్కనే ఉండి నోరు విప్పనిదీ తానే. ఇప్పుడు అందరూ వచ్చాక ఇయాగో నోరు మూసుకుని ఇంటికి పొమ్మంటాడు. ‘భర్త మాట వినడం ధర్మమే, కానీ ఇప్పుడు కాదు. ఇయాగో, ఇక నేను ఇంటికి రాకపోవచ్చు’ అని మాట్లాడుతూనే పోతుంది. అతను పొడుస్తాడు. పడిపోతూ, నన్ను నా యజమానురాలి పక్కన పడుకోబెట్టండి అని అడుగుతుంది. 1623 ప్రతిలో ఆమె ఆ పాట చరణం పాడుతూ పోతుంది.

ఆమె కోరిక తీర్చినట్టు నాటకంలో ఎవరూ ఒక్క మాట అనరు. కొన్ని ప్రదర్శనల్లో ఎమీలియాను ఎత్తి డెస్డిమోనా పక్కన పడుకోబెడతారు. చివరికి వెనిస్ నుంచి వచ్చిన బంధువు లొడోవికో ఆ మంచం మీది భారం చూడమని చెప్పి తెర వేయించేటప్పుడు అక్కడ మూడు శవాలుంటాయి. కొన్నింట్లో ఆమెను నేల మీదే వదిలేస్తారు. మంచం మీద భార్యాభర్తలు ఇద్దరే ఉంటారు, తెర పడిపోతుంది.